పోకర్ టోర్నమెంట్‌లో పది బ్లైండ్ల కిందికి పడ్డాక ఆల్ ఇన్ ఎప్పుడు కొట్టాలి?

బెజవాడ బటన్: గోవా, మాండవి నది మీద పడవ. 15 మందికి డబ్బు, 17 మంది మిగిలాం. బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే ఇద్దరు పెట్టాల్సిన పందేలు) 5,000/10,000, బిగ్ బ్లైండ్ యాంటీ (పెద్ద బ్లైండ్ ఆయనే అందరి తరఫున కట్టేది) ఇంకో 10,000. నా దగ్గర 92,000 చిప్స్, అంటే తొమ్మిది బిగ్ బ్లైండ్ల చిల్లర. కటాఫ్‌లో (డీలర్ బటన్‌కి ముందు సీటు) ఆసు-తొమ్మిది, ఆఫ్ సూట్ (వేర్వేరు గుర్తులు). నా దాకా అందరూ ఫోల్డ్, ముక్కలు పారేశారు. ఆల్ ఇన్ అన్నాను, ఉన్నదంతా పెట్టేశాను. బటన్ మీద 6 లక్షలు పెట్టుకుని కూర్చున్నాయన రాజు-జాకీతో కాల్ చేశాడు, అంతా తనూ పెట్టాడు. రివర్‌లో (చివరి ముక్కగా) జాకీ పడింది, నేను ఆటలోంచి లేచాను. పక్క టేబుల్‌లో ఒకాయన దగ్గర 25,000 మాత్రమే ఉన్నాయి, అదీ నాకు తెలుసు. ఇప్పుడు మా గ్యాంగంతా "ఆగాల్సింది" అని బుర్ర తింటున్నారు. నేను కొట్టింది కరెక్టే అంటాను. మీరేమంటారు? రెండో ప్రశ్న: 15-18 బ్లైండ్లున్నప్పుడు నేరుగా ఆల్ ఇన్ మేలా, చిన్న రెయిజ్ (పందెం కొంచెం పెంచడం) మేలా?

డాలస్ బావ: పది బ్లైండ్ల కింద ఏ ఆసైనా సరే, కళ్లు మూసుకుని కొట్టడమే. ఇందులో చర్చేముంది తమ్ముడూ? ఇక్కడ మా కార్డ్ రూముల్లో రోజూ చూస్తుంటాం. మూడు బ్లైండ్లు మిగిలేదాకా ఆగి, అప్పుడు కొడితే ఎవడూ ఫోల్డ్ చేయడు. ఊరికే కాల్ చేసి చూస్తారు.

లెక్కల మాస్టారు: కళ్లు తెరిచే కొట్టండి, లెక్క చెప్తాను. మధ్యలో బ్లైండ్లు, యాంటీ కలిపి 25,000 ఉంది. అందరూ ఫోల్డ్ చేస్తే నీ స్టాక్ (నీ దగ్గరున్న చిప్స్) 27 శాతం పెరుగుతుంది. బటన్ కాల్ చేస్తే మొత్తం పాట్ 2,09,000. కాల్ వచ్చినప్పుడు నీకు 40 శాతమే గెలిచే అవకాశం ఉందనుకో, నీ వాటా 83,600. అంటే సగటున 8,400 పోతుంది. 25,000 లాభం ఒకపక్క, 8,400 నష్టం ఒకపక్క. నాలుగుసార్లలో ఒక్కసారి అందరూ ఫోల్డ్ చేసినా నీకు దాదాపు గిట్టుబాటే. పైగా అతని చేతిలో రాజు-జాకీ, ముక్కలు తిప్పినప్పుడు ముందున్నది నువ్వే. ఈ లెక్కలు నేను చాలామందికి నేర్పాను, ఇంకా సందేహాలుంటే అడగండి.

రాజమండ్రి రాణి: మాస్టారూ, మీ లెక్క చిప్స్‌కి, జేబుకి కాదు. టోర్నమెంట్ మొత్తం చిప్స్ ఒకరి దగ్గరికే చేరినా వచ్చేది మొదటి బహుమతే, మొత్తం సొమ్ము కాదు. కాబట్టి స్టాక్ రెట్టింపైతే దాని విలువ రెట్టింపు అవ్వదు. పోతే మాత్రం మొత్తం పోతుంది. ఐసీఎం (చిప్స్‌ని బహుమతి సొమ్ము లెక్కలోకి మార్చే పద్ధతి) అంటే ఇదే. బబుల్ మీద (డబ్బుల్లోకి వెళ్లే ముందు దశలో) ఇది ఇంకా గట్టిగా కొడుతుంది. పైగా మీరు అందరూ వదిలేసిన విషయం బటన్ మీదున్న 6 లక్షలు. అతనికి 92,000 పోయినా నష్టం లేదు, కాబట్టి చెత్త ముక్కలతోనూ కాల్ చేస్తాడు. వెనకాల ముగ్గురూ లక్ష, లక్షన్నరతో డబ్బుల్లోకి వెళ్దామని వణుకుతున్నవాళ్లయితే నేను ఆసు-రెండుతోనైనా కొట్టేదాన్ని. ఇక 25,000 ఆయన బిగ్ బ్లైండ్‌కొస్తే బ్లైండ్, యాంటీ కలిపి 20,000 పోతాయి, అది దగ్గర్లో ఉంటే ఆగొచ్చు. పెద్ద టోర్నమెంట్‌కి టికెట్లిచ్చే శాటిలైట్లో అయితే ఆసుల జంట కూడా ఫోల్డ్ చేస్తాను.

రిటైర్డ్ రమ్మీ: ఆసుల జంట ఫోల్డా?! అమ్మా, నీకు ఎవరు నేర్పారు ఈ ఆట?

రాజమండ్రి రాణి: పది టికెట్లు, పదకొండు మంది. ఇద్దరి దగ్గర ఒక్క బ్లైండ్ కూడా లేదు. మీ స్టాక్ మధ్యస్తం. మీకంటే పెద్ద స్టాక్ ఆల్ ఇన్ అన్నాడు. ఆసుల జంటైనా ఏవో రెండు ముక్కల మీద దాదాపు 85 శాతమే గెలుస్తుంది. ఫోల్డ్ చేస్తే టికెట్ దాదాపు ఖాయం. మొదటివాడికీ పదోవాడికీ అదే టికెట్. గెలిచిన చిప్స్ ఏం చేసుకుంటారు?

రిటైర్డ్ రమ్మీ: అలాంటి టికెట్ నాకొద్దు. ఆసులు పారేసి గెలిచానని ఇంట్లో ఎలా చెప్పుకోను? రమ్మీలో డ్రాప్ అంటే అర్థముంది. మొదటి డ్రాప్ 20, ఫుల్ కౌంటయితే 80. ముక్కలు బాగోకపోతేనే డ్రాప్. ముక్కలు బంగారంలా ఉంటే ఎవడు డ్రాప్ చేస్తాడమ్మా!

లెక్కల మాస్టారు: పెద్దాయనా, 101 పూల్లో (101 పాయింట్లు చేరితే ఔటయ్యే రమ్మీ) 90 దగ్గరున్నప్పుడు మీరు ఎంత ఆచితూచి ఆడతారో ఇదీ అంతే.

రిటైర్డ్ రమ్మీ: 90 దగ్గరుంటే 20 డ్రాప్ చేసినా పోతానయ్యా! ఆడాల్సిందే! ముందు రమ్మీ నేర్చుకుని రా, తర్వాత పాఠాలు చెప్దువు. అసలు సుప్రీంకోర్టే 1968లో రమ్మీకి నైపుణ్యం కావాలని చెప్పింది, మూడు ముక్కలాట వట్టి అదృష్టమని అదే తీర్పులో రాసింది. మీ పోకర్ ఏ లెక్కలోకొస్తుందో మీరే తేల్చుకోండి.

ప్లీడరు గుమస్తా: తీర్పు 1967 నవంబరులో వచ్చింది, రిపోర్టుల్లోకి ఎక్కింది 1968లో. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసు అది. మూడు ముక్కలాట వేరు, పోకర్ వేరు, కలపకండి. ఎలాగూ ఇప్పుడు ఇవన్నీ పాత కబుర్లే. తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో ఆన్‌లైన్లో డబ్బుతో ఆడటం మూసేశాయి, 2025 ఆగస్టు చట్టంతో దేశమంతా అంతే.

హైటెక్ సిటీ ఫిష్: అదే నా బాధ. ఈ షార్ట్ స్టాక్ (తక్కువ చిప్స్) ఆట ప్రాక్టీస్ చేసేదెక్కడ? గోవాకి ఫ్లైటు, రూము, బై-ఇన్ (ఆటలో చేరే రుసుము). అంత ఖర్చు పెట్టి వచ్చాక ఆసు-తొమ్మిది ఫోల్డ్ చేయమంటే చేతులు రావు మరి.

డాలస్ బావ: మాకు రేక్ (పాట్‌లోంచి క్లబ్బు తీసుకునే కోత) ఉండదు, సీటుకి గంటకింత కడతాం. రండి ఇక్కడికి.

హైటెక్ సిటీ ఫిష్: వీసా మీరిప్పిస్తారా అన్నా?

కాకినాడ కాల్: బబుల్ మీద అసలు సమస్య ముక్కలు కాదు, టైం లాగేవాళ్లు. ఒక చోట నేను ఆడినప్పుడు పక్క టేబుల్‌లో ప్రతివాడూ ఏడు-రెండు పట్టుకుని రెండు నిమిషాలు ఆలోచించాడు. గడియారం తిరుగుతోంది, బ్లైండ్స్ పెరిగాయి. హ్యాండ్ ఫర్ హ్యాండ్ (అన్ని టేబుళ్లూ ఒక్కో ఆట కలిసి ఆడటం) పెట్టండి మహాప్రభో అని అడిగితే సూపర్‌వైజర్ నవ్వి వెళ్లిపోయాడు. పదకొండు బ్లైండ్లు ఏడయ్యాయి. ఐసీఎం ఎవడిక్కావాలి అక్కడ?

డాలస్ బావ: నేనైతే ఆ సూపర్‌వైజర్ని వదిలేవాణ్ని కాదు. ఇంకో మాట, కొట్టడానికి సరిపోయే చెయ్యి కాల్ చేయడానికి సరిపోదు. ఆసు-తొమ్మిదితో ముందు నువ్వు కొడితే ఓకే, వేరేవాడి ఆల్ ఇన్‌కి కాల్ చేస్తే బుద్ధి తక్కువ.

లెక్కల మాస్టారు: ఇందాక కళ్లు మూసుకోమన్నది మీరే కదా. ఇప్పుడు థియరీ చెప్తున్నారా?

డాలస్ బావ: మీ పాఠాలు వినడానికి రాలేదండీ ఇక్కడికి.

బెజవాడ బటన్: రెండో ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు.

రాజమండ్రి రాణి: 15-18 మీద నేరుగా ఆల్ ఇన్ అంటే రెండున్నర బ్లైండ్ల కోసం పదహారు పెట్టడం, నాకు నచ్చదు. రెండు, రెండు పాయింట్ రెండు పెట్టి రెయిజ్ చేస్తాను, పెద్ద ఎదురు వస్తే చాలా చేతులు వదిలేస్తాను. ఆ స్టాక్ అసలు పనికొచ్చేది వేరేవాడు బటన్ నుంచి వదులుగా రెయిజ్ చేసినప్పుడు. అప్పుడు మధ్యలో దాదాపు ఐదు బ్లైండ్లుంటాయి, వాడికి ఫోల్డ్ చేసే దారీ ఉంటుంది. అక్కడ కొట్టండి. మీ పెద్ద స్టాక్ ఆయన లాంటివాడి మీద మాత్రం కాదు, వాడు రాజు-జాకీ పారేయడు.

బెజవాడ బటన్: సరే. బ్లైండ్‌లో నుంచి కొట్టాలంటే ఏ చేతులు? చిన్న జంటలు చాలా, ఆసు-ఐదు సూటెడ్ (ఒకే గుర్తు) కూడానా?

రిటైర్డ్ రమ్మీ: ముందు ఆవిడ ఆసుల జంట ఫోల్డ్ చేయడం మానేస్తుందేమో అడుగు.