అప్‌డేట్: షిఫ్టుల గొడవ ఎంతవరకు వచ్చిందంటే

రాయగడలో నేను పనిచేసే ఫ్యాక్టరీలో మమ్మల్ని అడక్కుండా షిఫ్టు టైములు మార్చేశారని, ఇందులో మాకు నోరెత్తే హక్కుందా అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

మీలో ఒకరు వర్క్స్ కమిటీ గురించి, అంటే కార్మికుల ప్రతినిధులు, యాజమాన్యం వాళ్లు కలిసి కూర్చునే కమిటీ గురించి చెప్పారు. నిజమే, వందమంది, ఆపైన కార్మికులుంటే కమిటీ వేయమని ప్రభుత్వం ఆదేశించవచ్చు. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్నదే, దాని బదులు తెచ్చిన 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. కార్మికుల ప్రతినిధులు యాజమాన్యం వాళ్లకంటే తగ్గకూడదు. మా దగ్గర కమిటీ ఉంది, కాగితం మీద! అందులో ఒకాయన రిటైరై ఊరెళ్లిపోయారు కూడా.

అసలు పనిచేసింది 21 రోజుల నోటీసు పాయింటు. పని గంటల్లాంటివి మార్చే ముందు యాజమాన్యం మాకు ఆ నోటీసివ్వాలి. ఆ మాట ఎత్తగానే హెచ్ఆర్ సార్ "కూర్చుని మాట్లాడదాం" అన్నారు. పార్వతీపురం వైపు నుంచి వచ్చేవాళ్లకు పొద్దున షిఫ్టుకి రైలు అందదని, ప్యాకింగ్ ఆడవాళ్లు రాత్రి పదింటికి గేటు బయట ఆటో కోసం నిలబడుతున్నారని రాసిచ్చాం. ఆటో సంగతి సార్‌కి తెలియనే తెలియదట! రోజూ ఆ గేటులోంచే కారులో వెళ్తారు మరి.

ఇప్పుడు పొద్దున షిఫ్టు అరగంట ఆలస్యంగా మొదలవుతోంది. రాత్రికి బండి పెడతామన్నారు, ఇంకా పెట్టలేదు. కమిటీకి కొత్తగా ఎన్నిక పెట్టమంటే మాత్రం "చూద్దాం" అంటున్నారు. పెడితే నన్నే నిలబడమంటున్నారు మావాళ్లు. ఇంట్లోనేమో "నీకెందుకా టెన్షన్" అని ఒకటే గోల.