చిన్నాయన గొంతున్న క్యాసెట్‌కు బూజు పట్టింది, ఎలా కాపాడుకోవాలి?

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ. ఈ ఏడాది మొదట్లో మా చిన్నాయన కాలం చేశారు. సంక్రాంతికి పిల్లలందరినీ ఐనవోలు మల్లన్న జాతరకు తీసుకుపోయి, మల్లన్న కథ పాడే ఒగ్గు పూజారులు పసుపు, కుంకుమలతో పట్నం (దేవుడి ముందు వేసే పెద్ద ముగ్గు) వేస్తుంటే దగ్గర కూర్చోబెట్టి చూపించేవారు. ఇంటికొచ్చాక ఆ కథంతా మళ్ళీ రాగం తీసి పాడేవారు. ఎంత గొంతో అది!

అలా పాడింది ఒక 90 నిమిషాల క్యాసెట్‌లో ఉంది. మొన్న బీరువాలో దొరికింది. 'మల్లన్న కథ, చెరపొద్దు' అని ఆయన చేతిరాత. ఎవరూ దానిమీద రికార్డు చేయకుండా వెనక ట్యాబులు కూడా విరిచేశారు. కానీ టేపు చుట్ట అంచున తెల్లగా బూజు. అలాగే ప్లేయర్‌లో పెడితే బూజు హెడ్‌కు అంటుకుంటుందని, టేపు తెగినా తెగొచ్చని ముట్టుకోలేదు. డబ్బాకు స్క్రూలు లేవు, అతికించినది. విప్పి టేపును వేరే డబ్బాలోకి మార్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? బూజు దేనితో తుడవాలి?

వరంగల్, కాజీపేట వైపు ఈ పని తెలిసినవాళ్ళుంటే దయచేసి చెప్పండి. క్యాసెట్ వదిలి రావాలంటే టెన్షన్, పక్కన కూర్చొని చేయించుకుంటాను. సంవత్సరీకంలోపు మా చిన్నమ్మకు వినిపించాలి.