అప్‌డేట్: స్పెయిన్ అసిస్టెంట్ పని, లెక్క తేలింది

గుంటూరు బ్రాడీపేటలో ట్యూషన్లు చెప్పుకునే నేను స్పెయిన్ బడుల్లో ఇంగ్లిష్ అసిస్టెంట్‌గా (అక్కడి ప్రభుత్వ పథకం, టీచరు పక్కన ఉండి పిల్లల చేత ఇంగ్లిష్ మాట్లాడించే పని) వెళ్తే ఏమైనా మిగులుతుందా అని ఆమధ్య ఇక్కడ అడిగాను. చాలామంది "యూరోలమ్మా, ఎగిరిపో" అన్నారు.

కూర్చుని లెక్కేశా. చాలాచోట్ల వారానికి 14 గంటలకు నెలకు 800 యూరోలు, మాడ్రిడ్‌లో 16 గంటలకు 1000. అదీ జీతంగా కాదు, స్కాలర్‌షిప్ కింద, ఎక్కువగా అక్టోబరు నుంచి మే దాకానే. అమ్మ పాల చీటీ వెనక గది అద్దె, తిండి ఖర్చు రాసి, "మరి జూన్‌లో ఏం తింటావే?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఈ పథకం దరఖాస్తుకు ఫీజే లేదు. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఓ కన్సల్టెన్సీవాడు మాత్రం దానికే అరవై వేలు అడిగాడు! పోనీ ఇలాంటిదే జపాన్ ప్రభుత్వ పథకం జెట్‌కి వెళ్దామన్నా, అందులోనూ అయిదేళ్లకు మించి ఉండనివ్వరు.

ముందు బీఈడీ పూర్తి చేస్తా. తర్వాత ఒక్క ఏడాది, ఊరు చూసినట్టూ ఉంటుంది, వెళ్లొస్తా.