సమస్య: “మెల్లగా మాటలాడ నూరెల్ల వణికె”

నిర్వాహకుడు:
‘శివ’ సినిమా మళ్ళీ చూస్తుంటే ఈ పాదం దానంతటదే వచ్చి కూర్చుంది. ఇది చివరి పాదంగా వచ్చేలా ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. 1989 అక్టోబరు 5న ఆ సినిమా వచ్చేదాకా మన తెర మీద రౌడీ అంటే అరుపులే ఎక్కువ. భవాని వేషంలో రఘువరన్ వచ్చి గొంతు తగ్గించాడు. అయితే ఒక షరతు. భవాని మీద పద్యాలు వద్దు, అతను ప్రధాన ప్రతినాయకుడు. అతని చుట్టూ తిరిగేవాళ్ళని పట్టుకోండి: నానాజీ, గణేష్, మాచిరాజు, జేడీ. వేరే క్రైమ్ థ్రిల్లర్ అయినా సరే, పక్క పాత్రే కావాలి.

కృష్ణాతీరం:
గొంతు పెంచడు, కోపము కొంచె మైన
మొగము నందున జూపడు, మూగ వోలె
కుర్చిపై నా భవాని తా గొలువు దీరి
మెల్లగా మాటలాడ నూరెల్ల వణికె

షరతు చదివే రాశాను. రఘువరన్ లేకుండా ఈ పాదానికి న్యాయం జరగదు.

నిర్వాహకుడు:
నడక హాయిగా ఉంది. పోటీలో మాత్రం లెక్కపెట్టను.

ఓరుగల్లు:
పక్క నానాజి నిలుచుండి పాము వోలె
దొర చెవిని నోరు జేర్చి తా దూరు లన్ని
ఎవని వంతయో రే పని యెరుగ నీక
మెల్లగా మాటలాడ నూరెల్ల వణికె

సినిమాకి మాటలు రాసిన తనికెళ్ళ భరణి గారే నానాజీ వేషం వేశారు. మాట ఎక్కడ ఆపాలో రాసిన మనిషికి బాగా తెలుసు. భవాని ఊరిని ఏలతాడు సరే, ఊళ్ళో సంగతులు ఆయన చెవిలో పడేదెలా? నాకు భయం వేసేది ఆ చెవి దగ్గర నిలబడ్డవాడిని చూస్తేనే.

కృష్ణాతీరం:
తమ్ముడూ, “ఎవని వంతయో రే పని” బంగారం లాంటి పాదం. నిరుడు నువ్వు రాసిన ఫ్యాక్షన్ పద్యంలో లేని పొదుపు ఇందులో కనబడింది. పామొక్కటి తీసెయ్. దుర్మార్గుడు కనబడగానే పామంటే పాఠకుడికి కొత్తగా ఏం తెలుస్తుంది? “పక్క నానాజి నిలుచుండి పట్టి భుజము” అను. యతీ (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడీ) ఉంటుంది, మనిషీ కళ్ళకు కడతాడు.

ఓరుగల్లు:
అన్నా, భవాని భుజం పట్టుకునే ధైర్యం నానాజీకి ఎక్కడిది? అంత చనువుంటే అతను పక్కవాడెందుకవుతాడు? పాము ఉంటుంది.

నిర్వాహకుడు:
ఓరుగల్లు మాట సబబు. భుజం ముట్టుకుంటే నానాజీ పాత్రే మారిపోతుంది.

గడియారం:
తెల్ల చొక్కాయి నలగదు, తేనె పలుకు,
నవ్వు జెరగదు పెదవిపై, నాయకుండు
మాచిరాజు ఫోనందుకొని మంతనముగ
మెల్లగా మాటలాడ నూరెల్ల వణికె

కోట శ్రీనివాసరావు గారికి నా నివాళి కూడా ఇదే. 2025 జూలైలో ఆయన వెళ్ళిపోయాక ‘ప్రతిఘటన’ నుంచి వరసగా చూస్తూ వచ్చాను. 1985 నాటి ఆ సినిమాలో తెలంగాణ యాసలో నవ్విస్తూనే భయపెట్టారు. ‘శివ’కి వచ్చేసరికి కత్తి పట్టేవాళ్ళ వెనక నిలబడిన రాజకీయ నాయకుడయ్యారు. చేతికి మట్టి అంటదు, పని మాత్రం అయిపోతుంది. అలాంటివాడు భవాని కంటే ప్రమాదం.

ఓరుగల్లు:
“చొక్కాయి నలగదు” దగ్గరే మాచిరాజు దొరికిపోయాడు. కానీ మూడో పాదంలో “నందుకొని” ఏ గణం (అక్షరాల కొలత) మేడమ్? ఒక లఘువు, అంటే పొట్టి అక్షరం, ఎక్కువైంది. “ఫోనందుచు” అంటే సరిపోతుంది.

గడియారం:
“అందుచు” అంటే ఫోను ఎత్తుతూ ఉండగానే మాట్లాడినట్టుంటుంది. నాకు ఎత్తడం అయిపోవాలి. ఆ తర్వాత ఒక్క క్షణం ఏ చప్పుడూ ఉండకూడదు. అప్పుడు మాట రావాలి. టెన్షనంతా ఆ క్షణంలోనే ఉంది. చదివేటప్పుడు “కొని”లో చివరి అక్షరం తేలిపోతుంది కదా.

కృష్ణాతీరం:
చదివేటప్పుడు తేలిపోయినా రాతలో కూర్చునే ఉంది. వినాయక చవితి సమస్యలో నా పద్యాన్ని ఇలాంటి ఒక్క అక్షరానికే పక్కన పెట్టించింది మీరే. అప్పుడు చెవి ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుందా?

మల్లెపందిరి:
పేరు తెరపైన వేయరు, వెనుక నిలిచి
పలుక డొకమాట; చేతిలో బాకు లేదు;
చుట్ట వెలిగించు మంటలో జూచు కన్ను
మెల్లగా మాటలాడ నూరెల్ల వణికె

నిర్వాహకుడు:
అమ్మా, ఇదీ పూరణ! అందరం నోటి వెంటే పరిగెత్తాం. మీరు మాటని కంటికిచ్చారు. “కన్ను” మూడో పాదం చివర ఆగి, “మెల్లగా” అంటూ కిందికి దిగుతుంది చూడండి, అగ్గిపుల్ల వెలిగి ముఖం కనబడటానికి పట్టే వ్యవధి సరిగ్గా అంతే.

కృష్ణాతీరం:
విరుపు బాగుంది, కాదనను. అయితే కంటితో బెదిరించేవాణ్ణి ఈ గుంపుకి ముందు చూపించింది నేను. దసరా సమస్యలో ‘గాయం’ సినిమాలోని లాయర్ సాబ్ పాత్ర మీద రాసిన పద్యం గుర్తుందా? “చట్టమే జపమాలగా జంపువాడు” అని మొదలవుతుంది. 1993 నాటి ఆ వేషం కూడా భరణి గారిదే.

ఓరుగల్లు:
గుర్తుంది. ఎత్తుగడ గొప్పది. తర్వాతి మూడు పాదాల్లో లాయర్ సాబ్ ఎక్కడా లేడు, ఏ వకీలుని కూర్చోబెట్టినా పద్యం నడిచిపోతుంది. కన్ను నాలుగో పాదంలో ఒకసారి మెరిసింది, అదీ యతి కోసం.

కృష్ణాతీరం:
ఇక్కడ మాత్రం మనిషెవరు? పేరు లేదు, సినిమా లేదు. నా వకీలుకి అడ్డమొచ్చిన న్యాయం ఈ చుట్టవాడికి అడ్డం రాదా?

మల్లెపందిరి:
పేరు లేనివాడి మీదే రాశానండీ. గ్యాంగులో నాలుగో వరసలో నిలబడే నటుడికి పేరూ ఉండదు, మాటా ఉండదు. దర్శకుడు ఇచ్చిన రెండు సెకన్లలో చూపుతోనే నమ్మించాలి. అతను నవ్వొచ్చేలా ఉంటే ముందున్న భవాని కూడా తేలిపోతాడు. మొదటి పాదంలో “పేరు తెరపైన వేయరు” అని అందుకే పెట్టాను. మీ లాయర్ సాబ్‌కి పేరుంది కాబట్టే ఆ పేరుకి తగ్గ గుర్తు ఒకటి అడుగుతున్నారు ఓరుగల్లు గారు.

గడియారం:
జేడీని ఎవరూ ముట్టుకోలేదేం? ‘శివ’లో సైకిల్ చైను దెబ్బలు తిన్న ఆ కుర్రాడి వేషం వేసిన చక్రవర్తే 1998లో ‘సత్య’ సినిమాలో సత్యగా వచ్చాడు. పక్క పాత్రలో భయపెట్టగలిగినవాడు నడిమధ్యకు వచ్చినా నిలబడతాడు.

ఓరుగల్లు:
జేడీ మెల్లగా మాట్లాడే రకం కాదు మేడమ్, ఈ పాదంలో ఇమడడు.

నిర్వాహకుడు:
ఆదివారం రాత్రి వరకు పూరణలు తీసుకుంటాను. ఇప్పటికి మల్లెపందిరి గారిది మొదటిది, నానాజీ పద్యం రెండోది. గడియారం గారూ, మాచిరాజు ఫోను ఎత్తాక ఆగే ఆ క్షణం నాకూ కావాలి. గణం చెడకుండా దాన్ని తెచ్చే మాట దొరికితే మీ పద్యం నానాజీని దాటుతుంది, వెతకండి.