తాలీం గోడ మీద గ్రేట్ ఖలీ బొమ్మ ఉండాలా, వద్దా?

మక్తల్ మట్టి:
మా ఊళ్లో కుస్తీ సాధన చేసే పాత తాలీం కూలిపోయే స్థితిలో ఉంటే యువకులు చందాలు వేసుకుని బాగుచేశారు. ఎర్రమట్టి తెచ్చి, జల్లెడ పట్టి, నూనె, పసుపు కలిపి కుస్తీ పట్టే గోదా సిద్ధం చేశారు. అంతవరకు ఎవరూ వంక పెట్టలేరు. తీరా సున్నం వేశాక ఆంజనేయస్వామి పక్కన టీవీ కుస్తీల గ్రేట్ ఖలీని నిలువెత్తున గీయించారు. భుజాన బంగారు రంగు బెల్టు, కింద పెద్ద అక్షరాలతో ‘ప్రపంచ విజేత’. నా అభ్యంతరం ఒక్కటే. ఆయనకు పేరు తెచ్చింది కుస్తీ కాదు, కుస్తీ వేషం. దండీలు, బస్కీలు లాంటి కసరత్తులు తీయడానికి వచ్చే పిల్లలకు మొదటి రోజే అబద్ధం చూపించడం న్యాయమేనా? ఉంచాలనేవాళ్లు కారణం చెప్పండి.

ఏడడుగులు:
కారణం చెబుతాను వినండి. ఖలీ అసలు పేరు దలీప్ సింగ్ రాణా. 1972లో హిమాచల్ ప్రదేశ్ సిర్మౌర్ జిల్లాలోని ధిరైనా అనే కొండ ఊళ్లో పుట్టాడు. ఫీజు కట్టలేక బడి ఆగిపోయిందని, చిన్నతనంలోనే కూలికి వెళ్లానని ఆయనే చెప్పుకున్నాడు. సిమ్లాలో సెక్యూరిటీ గార్డుగా నిలబడి ఉంటే పంజాబ్ పోలీసు అధికారి ఒకరు చూసి తమ శాఖలోకి రప్పించారు. తర్వాత కాలిఫోర్నియాలో శిక్షణ పొంది 2000లో జెయింట్ సింగ్ పేరుతో రింగులోకి దిగాడు. జపాన్‌లో ఆడాడు. 2006 ఏప్రిల్‌లో అమెరికా కుస్తీ ప్రదర్శనల సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈలో కాలు పెట్టిన రోజే అక్కడి పేరున్న ఆటగాడు అండర్‌టేకర్ మీద పడ్డాడు, మరుసటి నెల ఆ సంస్థ ప్రదర్శన జడ్జ్‌మెంట్ డేలో అతన్ని ఓడించాడు. 2007 జూలైలో వరల్డ్ హెవీవెయిట్ బెల్టు. అంతకుముందు ఆ సంస్థలో ప్రపంచ టైటిల్ గెలిచిన భారతీయుడు లేడు. గోడ ఎక్కడానికి ఇంతకంటే ఏం కావాలి?

కొత్తకోట కుర్రాడు:
ఆయన ఎత్తు ఏడడుగుల ఒక అంగుళమా, మూడు అంగుళాలా? మా గదిలో పందెం నడుస్తోంది.

మక్తల్ మట్టి:
బెల్టు సంగతికే వద్దాం. అప్పటి చాంపియన్ ఎడ్జ్ గాయపడి బెల్టు వదులుకున్నాడు. ఇరవై మందిని ఒకేసారి రింగులోకి వదిలారు. పై తాడు మీదుగా బయట పడినవాడు ఔటు. చివర్లో కేన్‌ను, బటిస్టాను ఖలీ ఒక్క తోపుతో బయటకు నెట్టాడు. ఒక్కడితో ఒక్కడు తలపడి గెలిచిన బెల్టు కాదది. రెండు నెలలు తిరిగేసరికి సెప్టెంబరులో బటిస్టా చేతికి పోయింది. ఇక ఆ ఆట సంగతి ఆ సంస్థే ఒప్పుకుంది. 1989లో న్యూజెర్సీ రాష్ట్రంలో క్రీడల నియంత్రణ, పన్ను తప్పించుకోవడానికి ‘మాది వినోదమే, పోటీ కాదు’ అని చట్టసభకు చెప్పారు. వాళ్లే కాదన్నదాన్ని మనం గోడ మీద రాసుకోవాలా?

ఏడడుగులు:
ఒక్కడితో తలపడలేదని ఎవరన్నారు? బెల్టు వచ్చిన వెంటనే ఆ సంస్థ ప్రదర్శన గ్రేట్ అమెరికన్ బాష్‌లో కేన్, బటిస్టా ఇద్దరినీ ఎదుర్కొని నిలబెట్టుకున్నాడు.

మక్తల్ మట్టి:
అది ముగ్గురి ఆట. ఒక్కడితో అన్నాను.

ఏడడుగులు:
ఆగస్టులో మరో ప్రదర్శన, సమ్మర్‌స్లామ్. ఎదురుగా బటిస్టా ఒక్కడే. బెల్టు ఖలీ దగ్గరే ఉండిపోయింది.

మక్తల్ మట్టి:
ఎలా ఉండిపోయిందో కూడా రాయండి మరి. ఇనుప కుర్చీ ఎత్తి కొట్టి అనర్హుడయ్యాడు. ఆట బటిస్టా గెలిచాడు. అనర్హత వల్ల ఓడితే బెల్టు చేతులు మారదనే నిబంధన ఉంది కాబట్టి దక్కింది. మా ఊరి జాతరలో కుర్చీ ఎత్తితే బెల్టు సంగతి తర్వాత, ముందు పోలీసులు వస్తారు.

దేవరకొండ రోడ్డు:
ఈ కుర్చీ గొడవ ఎందుకండీ? దారా సింగ్ బొమ్మ పెడితే ఎవరైనా అడ్డుపడేవారా? ఆయన 1968 మే 29న బొంబాయిలో అమెరికా మల్లయోధుడు లూ థెజ్‌ను ఓడించి ప్రపంచ చాంపియన్ అనిపించుకున్నాడు. అదీ ఫ్రీస్టైల్ ప్రదర్శన కుస్తీయే. కింగ్ కాంగ్ అనే పేరుతో ఆడిన భారీకాయుడితో ఊరూరా జరిగిన ఆటలకు టిక్కెట్లు అమ్మినవాళ్లు జనం ఏం చూడాలనుకుంటున్నారో తెలియకుండా అమ్మలేదు. తర్వాత టీవీ రామాయణంలో హనుమంతుడి వేషం వేశాడు కాబట్టి ఆయన మీద మాట పడదు. నేనడిగేది ఒక్కటే: ఇద్దరికీ ఒకే కొలత పెడతారా, వేరు వేరు కొలతలా?

మక్తల్ మట్టి:
దారా సింగ్ 1954లో రుస్తుం-ఎ-హింద్, అంటే దేశంలో మేటి మల్లుడనే బిరుదు పొందినవాడు. మట్టిలో పెరిగి, పట్లు నేర్చి, ఆ తర్వాత టిక్కెట్ల ఆటకు వెళ్లాడు. లూ థెజ్ కూడా పట్లు తెలిసిన మనిషే. చేత విద్య ఉండి నాటకం ఆడటం వేరు, నాటకమే విద్య కావడం వేరు. ఇద్దరినీ ఒక గాటన కట్టకండి.

పట్నం బస్సు:
చర్చ బాగుంది కానీ తాలీంకు వచ్చే పిల్లలను ఎవరైనా అడిగారా?

ఏడడుగులు:
మట్టిలో నాటకం లేదన్నట్టు మాట్లాడుతున్నారు, అందుకే రాయాల్సి వస్తోంది. మా తమ్ముడు పదేళ్ల కిందట మీ వైపు ఒక జాతరలో కుస్తీ పట్టాడు. కొబ్బరికాయ కుస్తీతో మొదలై వెండి కడియం దాకా వెళ్లే పద్ధతి మీకు తెలుసు. కడియానికి ముందు ఆటలో ఎదుటివాడు ఊరి పెద్ద మనుమడు. వాణ్ని వెల్లకిలా పడేసి రెండు భుజాలూ మట్టికి ఆనించాడు, అంటే గెలిచినట్టే. వీపుకంటిన ఎర్రమట్టి అందరికీ కనబడుతూనే ఉంది. పెద్దలు చూసి కూడా ‘సమానం’ అని తేల్చారు, డప్పు ఆపించారు. ఆ మట్టిని తువ్వాలుతో తుడిచింది కూడా ఆ పెద్దల్లో ఒకరే. న్యూజెర్సీలో వాళ్లు కనీసం వినోదమని చెప్పి ఆడారు. మన దగ్గర నిజమని చెప్పి ఆడారు. ఏది అబద్ధం?

మక్తల్ మట్టి:
ఒక్క జాతరలో జరిగిన అన్యాయాన్ని మొత్తం విద్యకు అంటగట్టడం తగదు. పైగా అది మా ఊరు కాదు.

ఏడడుగులు:
మీ ఊరని నేననలేదే! భుజాలు తడుముకున్నది మీరే.

నిర్వాహకుడు:
వ్యక్తిగత మాటలు వద్దు. ఊళ్ల పేర్లు ఎవరూ రాయవద్దు.

నల్లగొండ నీళ్లు:
ఇంతసేపూ బెల్టు గురించి మాట్లాడారు గానీ ఆ ఒంటి గురించి ఒక్కరూ మాట్లాడలేదు. ఖలీకి ఉన్నది ఆక్రోమెగలీ. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి మీద కణితి పెరిగి, పెరుగుదల హార్మోను అదుపు లేకుండా వస్తుంది. దవడ, చేతులు, పాదాలు పెరుగుతూ పోతాయి. కీళ్లు అరుగుతాయి, గుండె మీద భారం పడుతుంది. 2012లో ఆయనకు ఆ కణితి తీసే శస్త్రచికిత్స జరిగింది. అదే జబ్బున్న పాతతరం కుస్తీ ఆటగాడు ఆంద్రే ది జెయింట్ 1993లో 46 ఏళ్లకే పోయాడు. ఆ రింగులోనే ఆడిన బిగ్ షోకూ ఆపరేషన్ చేయించాల్సి వచ్చింది. ఖలీ మోకాళ్లు చూశారా ఎప్పుడైనా? రింగులో రెండడుగులు వేయడానికి ఎంత అవస్థ పడేవాడో చూశారా? జనం నవ్వింది ఆ నడకను చూసే. తర్వాతి సంవత్సరాల్లో ప్రేక్షకుల్లోని ఆడవాళ్లను ముద్దుపెట్టుకునే హాస్యపాత్ర ఇచ్చి తిప్పారు.

నాది మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి మా పెద్దనాన్న నడుము వంగిపోయింది, కాళ్లు దొడ్డికాళ్లయ్యాయి. కెమెరాలతో వచ్చినవాళ్లు ఆయనను ఎండలో నిలబెట్టి ‘ఇంకొంచెం ఇటు తిరగండి’ అనేవారు. ఫొటోలో ఆయన ముఖం కంటే కాళ్లే పెద్దవిగా పడేవి. తాగునీళ్లు రావడానికి ఏళ్లు పట్టింది గానీ ఫొటోలు మర్నాడే వచ్చేవి. జబ్బును చూపించి సంపాదించేవాళ్ల మీద నాకు గౌరవం లేదు. బొమ్మ గీస్తే, కింద ఆ జబ్బు పేరు కూడా రాయండి.

ఏడడుగులు:
నీళ్లు గారూ, మీ పెద్దనాన్నకు జరిగింది అన్యాయమే. కానీ ఆయన ఫొటోకు ఆయనకు పైసా రాలేదు. ఖలీకి వచ్చింది. తేడా అక్కడుంది. ఆ ఒంటితో మరేం చేయమంటారు? ధిరైనాలోనే ఉండి రాళ్లు మోసుకోమంటారా? జనం ఎలాగూ చూసేవారే, ఊరికే చూసేవారు. ఆయన టిక్కెట్టు పెట్టాడు.

నల్లగొండ నీళ్లు:
టిక్కెట్టు పెట్టింది ఆయన కాదు, కంపెనీ. ఆయనకు వాటా ఇచ్చింది, అంతే. మోకాలి నొప్పిలో మాత్రం వాటా పంచుకోలేదు.

ఏడడుగులు:
వాటా అయినా ఇచ్చింది కదా! మా నాన్న పాలమూరు లేబరు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, మహారాష్ట్రలో డ్యాము కట్టడానికి ఒకసారి, ఒరిస్సాలో కాలువ తవ్వడానికి మరోసారి వెళ్లాడు. నెత్తి మీద తట్ట మోసి మోసి మెడ పక్కకు తిరగదు ఇప్పటికీ. ఆ మెడకు బెల్టు లేదు, బొమ్మ లేదు. ఏ తాలీం గోడ మీదా ఏ లేబరు బొమ్మా నేను చూడలేదు. మొదటిసారి ఒక కూలివాడి బొమ్మ గోడ ఎక్కితే మీకందరికీ ఆరోగ్యం గుర్తొచ్చింది, సత్యం గుర్తొచ్చింది, 1954 గుర్తొచ్చింది. పాలు, బాదం, నెయ్యి ఇంట్లో ఉన్నవాళ్లకే కుస్తీ విద్య. పొద్దున్నే పనికి వెళ్లే ఇంట్లో పిల్లవాడికి వస్తాదు ఎప్పుడు నేర్పాడు? మా తమ్ముడు నేర్చుకున్నది కూడా గోడ మీద నుంచి చూసి.

దేవరకొండ రోడ్డు:
ఇదీ అసలు విషయం. రెండు రోజులుగా కుర్చీ చుట్టూ తిరిగాం.

మక్తల్ మట్టి:
నన్ను భూస్వామిని చేసేశారు. మా నాయన కూడా రాయచూరు మిల్లులో బస్తాలు మోశాడు. బాదం సంగతి అడగకండి, వేరుశనగలు నానబెట్టుకుని తిన్నాను. మా తాలీంలో ఎవరినీ ఆపలేదు, ఆపితే ముందు నేనే అడిగేవాణ్ని.

ఇక దాచడం ఎందుకు? నా అభ్యంతరం బొమ్మతో మొదలు కాలేదు. మా అక్క కొడుకు నాలుగేళ్లుగా నా దగ్గరే నేర్చుకుంటున్నాడు. రాష్ట్రస్థాయిలో మ్యాట్ మీద ఆడే సత్తా ఉంది. ఆ బొమ్మ గీయించింది వాడూ, వాడి స్నేహితులే. ఇప్పుడు జలంధర్ వెళతానంటున్నాడు, 2015లో ఖలీ పెట్టిన శిక్షణ కేంద్రానికి. మ్యాట్ కుస్తీలో పతకం వస్తే స్పోర్ట్స్ కోటా ఉంటుంది, రైల్వేనో పోలీసో ఏదో ఒక దారి ఉంటుంది. అక్కడ ఎన్నాళ్లు ఎగిరి దూకినా అది ఆట లెక్కలోకి రాదు. అసలు ఖలీకే మొదట అన్నం పెట్టింది పోలీసు ఉద్యోగం. ఆ మాట బొమ్మ కింద ఎవరూ రాయలేదు.

ఏడడుగులు:
జలంధర్‌లో ఆయన దగ్గర నేర్చుకున్న కవితా దేవి 2017లో డబ్ల్యూడబ్ల్యూఈ దాకా వెళ్లింది. భారత్ నుంచి వెళ్లిన మొదటి మహిళ ఆమె. మీ మేనల్లుడు ఎందుకు వెళ్లకూడదు?

మక్తల్ మట్టి:
ఆమె 2016 దక్షిణాసియా క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్ స్వర్ణం గెలిచాకే వెళ్లింది. నేను చెప్పేదీ అదే కదా, ముందు ఒక ఆట చేతిలో ఉండాలని.

నల్లగొండ నీళ్లు:
ఇంకో మాట. ఖలీ శిక్షణ పొందిన కాలిఫోర్నియా కేంద్రంలోనే 2001 మేలో ఆయనతో సాధన చేస్తూ కింద పడి ఒక యువకుడు చనిపోయాడు. అంతకుముందే అతని తలకు దెబ్బ తగిలి ఉంది. అయినా సాధన ఆపలేదు. 2005లో జ్యూరీ ఆ శిక్షణ సంస్థ నిర్లక్ష్యమేనని తేల్చి, కుటుంబానికి 13 లక్షల డాలర్లకు పైగా ఇవ్వమంది. ‘నాటకమే కదా, దెబ్బలు తగలవు’ అనుకునేవాళ్లు ఇది చదవాలి. ముందే రాసుకున్న ఆట అయినా నేల గట్టిదే.

కొత్తకోట కుర్రాడు:
ఎత్తు గురించి ఎవరైనా...

ఏడడుగులు:
కుర్రాడూ, కంపెనీ ఒకసారి ఏడడుగుల ఒకటి అంటుంది, ఒకసారి మూడు అంటుంది. పందెం రద్దు చేసుకోండి.

మట్టి గారూ, మీ మేనల్లుడికి వయసెంత?

మక్తల్ మట్టి:
పంతొమ్మిది. అక్క ఏడుస్తోంది. నా మాట వినే దశ దాటిపోయింది. ఖలీ గురించి ఇంత తెలిసిన మీరు ఒకసారి వచ్చి మాట్లాడితే వింటాడేమో. ఆదివారం పొద్దున తాలీంలోనే ఉంటాడు.

ఏడడుగులు:
వస్తాను. కానీ వెళ్లవద్దని చెప్పను. దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది, తలకు తగిలితే ఎన్ని రోజులు ఆపుతారు, ఇవన్నీ కాగితం మీద రాయించుకుని వెళ్లమంటాను.

మక్తల్ మట్టి:
అలాగైతే రావద్దు.

ఏడడుగులు:
రమ్మన్నది మీరే. ఆదివారం తొమ్మిది గంటల బస్సుకు దిగుతాను. తమ్ముణ్ని కూడా తీసుకొస్తాను, వాడికి గోదాలో దిగాలని ఉందట.