305 ని 3005 అని రాస్తాంది, ఎట్ల నేర్పాల?

కడప నుంచి: మా పాప రెండో తరగతి. మూడు వందల ఐదు రాయమంటే 3005 రాస్తాంది, 47లో ఆ 4 ఎంతమ్మా అంటే నాలుగే అంటాది. ఒకట్లు పదులు వందలు అని గళ్లు గీసి చెప్పినా ఎక్కడం లేదు, ఎవరన్నా చెప్పండప్పా.

అనంతపురం టీచర్: అక్కా, పాప విన్నది విన్నట్టే రాస్తాంది, 300 పక్కన 5 పెట్టేస్తాంది, తెలివి లేక కాదు. అట్టముక్కలు కత్తిరించండి, 300 పొడుగ్గా, 40 దానికన్నా పొట్టిగా, 5 ఒక్క గడి అంత. 300 మీద 5ని కుడి అంచులు కలిసేట్టు పెడితే చివరి సున్నా మూసుకపోయి 305 కనపడతాది, 5 ఎత్తి చూస్తే కింద సున్నా అట్లనే ఉంటాది. పాపతోనే పెట్టించండి, మీరు పెట్టొద్దు.

కర్నూలు నుంచి: అట్టలకన్నా ముందు చీపురుపుల్లలు ఇవ్వండక్కా. పది పుల్లలకు ఒక రబ్బర్ బ్యాండ్, అట్ల పది కట్టలైతే వంద. 47 అంటే నాలుగు కట్టలు, ఏడు విడి పుల్లలు. అందులోంచి 9 తీయమంటే ఒక కట్ట విప్పాల్సిందే, అప్పుడది 30, 17 అయితాది, తీసివేతలో పక్కనుంచి అప్పు తెచ్చుకునేది ఇదే.

కడప నుంచి: థ్యాంక్సన్నా. పుల్లల బదులు పది రూపాయల నోట్లు ఇయ్యొచ్చా?

కర్నూలు నుంచి: ఇప్పుడే వద్దక్కా. నోటులో పది రూపాయలు కంటికి కనపడవు కదా, కట్టలో అయితే అనుమానమొస్తే విప్పి లెక్కపెట్టుకుంటాది.