ఇండిపెండెన్స్ అంటే లెక్క కుదరడమేనా?

డిగ్రీ మొదటి సంవత్సరంలో ప్రాబబిలిటీ చదువుతున్నాను. పాచికలు, పేకముక్కలు, కాంబినేషన్ల వరకు ఇబ్బంది లేదు. స్వతంత్ర (ఇండిపెండెంట్) ఘటనల దగ్గరే ఆగిపోయాను. రెండు ఘటనలు కలిసి జరిగే సంభావ్యత, వాటి విడివిడి సంభావ్యతల లబ్ధానికి సమానమైతే అవి స్వతంత్రం అంటారు.

రెండు నాణేలు ఎగరేస్తాం. మొదటిది బొమ్మ పడితే ‘ఎ’, రెండోది బొమ్మ పడితే ‘బి’, రెండూ ఒకేలా పడితే ‘సి’ అనుకుందాం. ఒక్కోదాని సంభావ్యత 1/2. ఏ రెండు తీసుకున్నా కలిసి జరిగే సంభావ్యత 1/4, కాబట్టి జతలుగా స్వతంత్రమే. మూడూ కలిస్తే మాత్రం 1/8 రావాల్సిన చోట 1/4 వస్తుంది. ఎ, బి రెండూ జరిగితే సి ఎలాగూ జరుగుతుంది కనుక అది అర్థమైంది.

నా తలనొప్పి వేరే. సి జరిగిందా లేదా చెప్పాలంటే మొదటి నాణెం చూడక తప్పదు. అయినా అది ఎ తో స్వతంత్రం అంటున్నాం! పైగా రెండు నాణేలకూ బొమ్మ పడే సంభావ్యత 0.6 చేస్తే ఆ స్వతంత్రత మాయం: ఎ, సి కలిసి 0.36, సి ఒక్కటే 0.36 + 0.16 = 0.52, విడివిడిగా గుణిస్తే 0.6 × 0.52 = 0.312. నాణేలు మారాయి గానీ ఘటనలు అవే కదా. మరి ఇండిపెండెన్స్ ఘటనల గుణమా, మనం వాటికిచ్చే అంకెల గుణమా? దీన్ని మీరు మనసులో ఎలా ఊహించుకుంటారు?

ఇంకో చిన్న సందేహం. రష్యన్ గణితవేత్త కొల్మొగొరోవ్ 1933లో ప్రాబబిలిటీకి పునాదిగా ఇచ్చిన స్వయంసిద్ధాలు, సిగ్మా ఆల్జీబ్రా (సంభావ్యత ఇవ్వగలిగే ఘటనల సముదాయం) ఇప్పుడే చదవాలా, లేక రాండమ్ వేరియబుల్స్ అయ్యాక చూసుకోవచ్చా?

‘ఇంకా లెక్కలు చెయ్యి’ అని మాత్రం అనకండి, చేస్తూనే ఉన్నాను. ఇలాంటి తిరకాసు ఉదాహరణలు ఇంకేమైనా ఉంటే చెప్పండి, ప్లీజ్.